చట్టం మారింది సరే, సిగ్గు ఎటు మారింది?

మొన్నామధ్య గుంటూరులో ఒక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట రెండు గంటలు కూర్చోవాల్సి వచ్చింది. సర్వర్ పనిచేయడం లేదన్నారు. వేపచెట్టు కింద డాక్యుమెంట్ రైటర్ బల్ల చుట్టూ ఒక కుటుంబం ఉంది. అన్నగారు, ఆయన భార్య, ఇద్దరు చెల్లెళ్ళు. తండ్రి పోయాక మిగిలిన పొలంలో తమ భాగం వదులుకుంటున్నట్టు చెల్లెళ్ళిద్దరూ అన్న పేర కాగితం రాసిస్తున్నారు. రైటర్ చదివి వినిపిస్తున్నాడు. "మా మనస్ఫూర్తిగా, ఎవరి బలవంతమూ లేకుండా" అనే చోటికి వచ్చేసరికి పెద్దామె ఆపింది. "అవన్నీ ఎందుకు బాబూ, ఎక్కడ పెట్టాలో చెప్పు, పెట్టేస్తాం" అంది. వదినగారు ఫ్లాస్కులోంచి అందరికీ కాఫీ పోసింది. ఎవరి మొహంలోనూ గొడవపడ్డ ఛాయలు లేవు.

ఆ పొలంలో కూతురికి హక్కు ఈ రాష్ట్రంలో నలభై ఏళ్ళుగా ఉంది. ఎన్టీ రామారావు ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబర్ 5 నాటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. అదే హక్కు దేశమంతటికీ అందడానికి 2005 దాకా పట్టింది. అంటే ఈ ఒక్క విషయంలో మనం దేశం కంటే ఇరవై ఏళ్ళు ముందున్నాం. అంత ముందున్న చోట, అన్నని వాటా అడిగిన చెల్లెలికి ఇవాళ్టికీ ఉన్న పేరు "పుట్టింటిని కోర్టుకీడ్చిన మనిషి". అడగడం నేరం కాదు. కానీ అడగకూడదు, అంతే.

చట్టాలు ఇన్ని మారాయి కదా, మరి మనుషులుగా మనం మెరుగుపడ్డామా? ఈ ప్రశ్న వేస్తే సాధారణంగా రెండు జవాబులు వస్తాయి. "రోజులు మారాయండీ, మా తాతల కాలంలో ఇవన్నీ ఉన్నాయా" అని ఒకరు. "చట్టాలన్నీ కాగితాల మీదే, జనం ఎప్పుడూ ఇంతే" అని ఇంకొకరు. టీకొట్టు దగ్గర రెండూ చెల్లుతాయి. మన జిల్లాల్లో జరిగినవాటినే వరసగా చూస్తే రెండూ నిలబడవు.

ముందు 'తప్పు' అన్న మాట దగ్గర ఆగాలి. ఆ ఒక్క మాటతో మనం మూడు సంగతులు చెప్పేస్తుంటాం. చట్టం ఒప్పుకోని పని తప్పే. నలుగురూ ముక్కున వేలేసుకునే పని కూడా తప్పే. ఇంకొకరి బతుకు పాడుచేసే పనీ తప్పే. దొంగతనం లాంటి వాటిలో ఈ మూడూ ఒకేచోట కలుస్తాయి. చాలాచోట్ల కలవవు. కోడిపందేన్నే తీసుకోండి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం, 1974 నాటి గేమింగ్ చట్టం ప్రకారం కూడా నేరం. అయినా సంక్రాంతి మూడు రోజులూ విజయవాడ చుట్టుపక్కల ఊళ్ళలో షామియానాలు, ఫ్లడ్‌లైట్లు, కార్ల బారులు. "పందేలకు వెళ్తున్నాం" అని హైదరాబాద్ నుంచి వచ్చిన అల్లుడు అత్తగారితో చెప్పి మరీ వెళ్తాడు. నేరం ఉంది, సిగ్గు లేదు.

దీనికి సరిగ్గా తిరగేసి గ్రహణం సంగతి. గర్భిణి గ్రహణం చూడకూడదని ఏ చట్టమూ చెప్పలేదు. అయినా పైపెదవి చీలి పుట్టిన బిడ్డ సమస్యకు మన భాషలో పేరే 'గ్రహణమొర్రి'. జబ్బు పేరులోనే తల్లి మీద నేరం మోపేశాం. గోరాగా అందరికీ తెలిసిన గోపరాజు రామచంద్రరావు భార్య సరస్వతి గారు కడుపుతో ఉండగా కావాలనే బయటికి వచ్చి గ్రహణం చూశారు. దానికోసం శాసనసభలో ఏ బిల్లూ పెట్టాల్సిన పని లేకపోయింది. ధైర్యం ఒక్కటే కావాల్సి వచ్చింది.

చట్టం ముందొచ్చి జనం వెనక నడిచిన కథల్లో మనకు బాగా తెలిసింది వితంతు వివాహం. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పోరాటంతో 1856లో చట్టం వచ్చింది. కందుకూరి వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబర్ 11న. మధ్యలో పాతికేళ్ళు. ఆ పాతికేళ్ళూ చట్టం ఉంది, పెళ్ళి లేదు. చేసుకోవచ్చని ప్రభుత్వం చెప్పింది గానీ, చేసుకున్నవాళ్ళ ఇంటికి పురోహితుడు వస్తాడా, చాకలి వస్తాడా, ఆ ఇంటి మంచినీళ్ళు ఎవరైనా తాగుతారా అన్నవి ప్రభుత్వం చేతిలో లేవు. కాకినాడ పైడా రామకృష్ణయ్య డబ్బు పెట్టబట్టి, విద్యార్థులు కాపలా కాయబట్టి ఆ పెళ్ళి జరిగింది. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు వితంతువులకు ఆశ్రయం ఇచ్చి, పెళ్ళిళ్ళు చేసి, 1922లో శారదానికేతనం పెట్టారు. అప్పటికి చట్టం వయసు అరవై ఆరేళ్ళు. ఇంకా ఒక్కో పెళ్ళినీ ఒక్కో యుద్ధంలాగే చేయాల్సి వస్తోంది.

బడి పుస్తకాలు ఈ కథను ఇక్కడ ఆపేస్తాయి. దీనికి ఇంకో సగం ఉంది. 1856 చట్టంలోని రెండో సెక్షన్ ప్రకారం, మళ్ళీ పెళ్ళి చేసుకున్న వితంతువుకు చనిపోయిన భర్త ఆస్తి మీద హక్కు పోతుంది. వితంతువు పెళ్ళి నిషిద్ధమైన పైకులాల్లో ఇది కొత్త స్వేచ్ఛకు కట్టాల్సిన ఖరీదు. కానీ మన పల్లెల్లో చాలా కులాల్లో మారుమనువు ఎప్పట్నుంచో ఉంది. ఆ ఆడవాళ్ళకు ఆ స్వేచ్ఛ ఎవరూ ఇవ్వక్కర్లేదు, వాళ్ళ దగ్గర ఉన్నదే. అలహాబాద్ హైకోర్టు అలాంటి చోట ఆస్తి పోదని చెప్పింది గానీ, మద్రాస్ సహా మిగతా పెద్ద కోర్టులు చట్టం అందరికీ వర్తిస్తుందన్నట్టే నడిచాయి. ఒక ఇంట్లో విధవరాలికి తలుపు తీసిన చట్టమే వీధి చివర ఇంకో ఇంట్లో ఆమె కింద నేల లాగేసింది. సంస్కరణ అనగానే ఎవరి ఆచారాన్ని 'మన ఆచారం' అనుకుని మొదలుపెట్టారో చూడాలని నేను అనేది ఇందుకే.

జనం ముందు నడిచి చట్టం వెనక వచ్చిన కథ విజయవాడ పటమటలో ఉంది. గోరా 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం మొదలుపెట్టి 1947లో పటమటకు మార్చారు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన ఆయన తన పెద్దమ్మాయి మనోరమను దళితుడైన అర్జునరావుకిచ్చి చేయాలనుకున్నారు. పెళ్ళి సేవాగ్రామ్‌లో తానే జరిపిస్తానని గాంధీ ఒప్పుకున్నారు. ఈలోగా 1948 జనవరి 30 వచ్చింది. మార్చిలో అదే ఆశ్రమంలో గాంధీ లేకుండా పెళ్ళి జరిగింది. వధూవరులు వేర్వేరు కులాలవాళ్ళన్న కారణంతో హిందూ వివాహం చెల్లకుండా పోదని తేల్చిన చట్టం వచ్చింది ఆ మరుసటి ఏడు, 1949లో. ఆ చట్టం ఈ పెళ్ళి వల్ల వచ్చిందని నేననడం లేదు. ఇలాంటి పెళ్ళిళ్ళు అప్పటికే అక్కడక్కడా జరుగుతున్నాయి, వాటి పిల్లల వారసత్వం మీద తగువులు కోర్టుల్లో ఉన్నాయి. చట్టం వెనక నుంచి వచ్చి గొడుగు పట్టింది.

ఈ రెండు కథలతో లెక్క తేలిపోయిందనుకుంటే, పెళ్ళి డబ్బు దగ్గరికి వచ్చేసరికి మొత్తం తలకిందులవుతుంది. నన్నడిగితే తెలుగువాళ్ళకు దీన్ని మించిన పాఠం లేదు.

పందొమ్మిదో శతాబ్దంలో మన బ్రాహ్మణ కుటుంబాల్లో పీడ కన్యాశుల్కం. ఆడపిల్ల తండ్రి డబ్బు తీసుకుని పిల్లను ముసలివాడికి అమ్మేసేవాడు. విజయనగరం మహారాజా ఆనంద గజపతి విశాఖ జిల్లాలో మూడేళ్ళలో జరిగిన ఇలాంటి పెళ్ళిళ్ళ జాబితా రాయించారు. మొత్తం 1034. అందులో 99 మంది పెళ్ళికూతుళ్ళకు ఐదేళ్ళు. ముగ్గురికి ఏడాది. ఈ లెక్కలు గురజాడ తన నాటకానికి రాసిన ముందుమాటలో ఉన్నాయి. మహారాజా దీన్ని ఆపడానికి మద్రాసు శాసనమండలిలో బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. అయినా కన్యాశుల్కం పోయింది. ఇవాళ పిల్లనివ్వడానికి డబ్బడిగే తండ్రిని మన వైపు ఊహించలేం.

పోలేదు నిజానికి, దిశ మార్చుకుంది. ఇంగ్లీషు చదువు, సర్కారు ఉద్యోగం మగపిల్లలకు వచ్చాయి. ఆనకట్టల కింద డెల్టాలో వరి పండి, చేతిలో డబ్బు ఆడింది. బీఏ చదివిన పెళ్ళికొడుకుకు గిరాకీ పెరిగింది. శుల్కం పోయిన తలుపు గుండానే కట్నం లోపలికి వచ్చింది. ఈసారి చట్టాలకు కొదవ లేదు. ఆంధ్రప్రదేశ్ 1958లోనే సొంతంగా వరకట్న నిషేధ చట్టం చేసుకుంది. 1961లో కేంద్ర చట్టం వచ్చింది. మొదట శిక్ష ఆరు నెలల వరకు. 1986 సవరణతో కనీసం ఐదేళ్ళు. మధ్యలో 1983లో భార్యను వేధించడాన్ని నేరం చేసిన 498ఏ, 1986లోనే వరకట్న మరణాల సెక్షన్. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ళకు పెరిగిన అదే కాలంలో కట్నం వేలల్లోంచి లక్షల్లోకి, లక్షల్లోంచి ఎకరాల్లోకి వెళ్ళింది.

చట్టం లేకుండా ఒకటి పోయింది, ఇన్ని చట్టాలుండీ ఒకటి పోలేదు. ఎందుకు? విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఏ మ్యారేజ్ బ్యూరోలోనైనా అరగంట కూర్చుంటే సగం జవాబు దొరుకుతుంది. అక్కడ 'కట్నం' అనే మాట వినపడదు. "మీ అమ్మాయికి మీరు ఏం పెట్టుకుంటున్నారు?" అంటారు. పసుపు కుంకుమ కింద రెండెకరాలు. ఆడపడుచు లాంఛనాలు వేరే. "మేం ఏమీ అడగలేదండీ" అని మగపెళ్ళివారు గర్వంగా చెబుతారు, "అడక్కుండానే ఇంత ఇచ్చారు" అని అదే గొంతుతో అందుకుంటారు. మాటకు మైల అంటింది, పనికి అంటలేదు. చట్టం సాధించిందేమిటని ఎవరైనా అడిగితే నేను చెప్పే జవాబు ఇదే: ఒక పదాన్ని నిషిద్ధం చేయగలిగింది. చిన్న విషయం కాదు, కానీ అంతవరకే. రెండో కారణం చట్టంలోనే ఉంది. ఇచ్చినవాళ్ళూ నేరస్థులే, తీసుకున్నవాళ్ళూ నేరస్థులే అంది అది. బాధితులు ఫిర్యాదు చేస్తే వాళ్ళ మాటల ఆధారంగా వాళ్ళ మీదే కేసు పెట్టకూడదని తర్వాత సవరించారు గానీ, ఆడపిల్ల తండ్రి మనసులో నాటుకున్న భయం సవరణతో పోలేదు. మూడో కారణం అందరికీ తెలిసిందే. కట్నం తీసుకున్న ఇంటికి వెళ్ళి భోజనం చేయడానికి ఎవరూ సిగ్గుపడరు.

1985 సవరణలో ఈ ముడి విప్పే ఆలోచన ఉంది. కట్నం దురాచారాన్ని తొలగించడం కూడా ఆ చట్టం పీఠికలోనే చెప్పుకున్న కారణం. కూతురికి ఆస్తిలో వాటా ఉంటే కట్నం దానంతటదే పోతుందని లెక్క. జరిగిందేమిటంటే, కట్నాన్నే వాటా కింద జమకట్టేశారు. "పెళ్ళికి ఇచ్చాం కదా" అన్న మాట రిజిస్ట్రార్ ఆఫీసు బయట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. రాజధాని ప్రకటన తర్వాత తుళ్ళూరు వైపు భూముల ధర కొండెక్కినప్పుడు కొందరు ఆడపడుచులు ఆ లెక్కకు ఒప్పుకునేది లేదన్నారు. ఊరు ఆ ఆడపడుచులనే తప్పుపట్టింది, ఆశ అంది. అదే పొలం కోసం ఇద్దరు అన్నదమ్ములు కొట్టుకుంటే దాన్ని పంపకాల తగువు అంటారు.

బాల్యవివాహాల సంగతి త్వరగా చెప్పేస్తాను. శారదా చట్టం 1929లో ఆమోదం పొంది 1930 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ఆడపిల్లకు 14, మగపిల్లాడికి 18. మధ్యలో దొరికిన ఆరు నెలల్లో జనం ఉన్న పిల్లలందరికీ హడావిడిగా పెళ్ళిళ్ళు చేసేశారు. ఆ తర్వాత కూడా చేయాలనుకున్నవాళ్ళకు యానాం ఉండనే ఉంది. అది ఫ్రెంచివాళ్ళది, ఈ చట్టం అక్కడ చెల్లదు. పడవెక్కి వెళ్ళి, పెళ్ళి చేసుకుని, తిరిగొచ్చేవారు. ఒక మంచి చట్టం ఆ కొద్ది నెలలపాటు చెడును పెంచింది. ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ళ ఆడవాళ్ళలో 29.3 శాతం మందికి పద్ధెనిమిది నిండకుండానే పెళ్ళయిందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. దేశ సగటు 23.3. ఆస్తి హక్కులో ఇరవై ఏళ్ళు ముందున్న రాష్ట్రమే ఇదీను.

ఇంతవరకు చట్టం ఎటూ మంచి వైపే లాగుతుందని, జనమే మొండికేస్తారని అనిపించి ఉండవచ్చు. కానీ సిగ్గును చట్టమే తయారుచేసిన చోట్లు కూడా మన పక్కనే ఉన్నాయి. ప్రకాశం బ్యారేజీ దాటగానే సీతానగరం. 1911 నాటి నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ అజమాయిషీలో పెట్టిన సెటిల్‌మెంట్లలో అదొకటి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం ఇంకొకటి, అప్పట్లో మద్రాసు గవర్నర్ కౌన్సిల్లో ఉన్న హెరాల్డ్ స్టూవర్ట్ పేరు మీద. ఉప్పు, ధాన్యం గాడిదల మీద వేసుకుని ఊరూరా అమ్ముకునే వాళ్ళకు రైళ్ళు వచ్చాక ఆ వ్యాపారం పోయింది. ఆ తిరిగే బతుకునే ప్రభుత్వం నేరమంది. ఏం చేశాడని కాకుండా, ఎవరికి పుట్టాడని చూసి హాజరు వేయించుకున్నారు. అనుమతి లేకుండా ఊరు దాటితే జైలు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. పేరుకు అంటిన మరక రద్దు కాలేదు. నా చిన్నప్పుడు రైల్లో ఎవరి పెట్టె పోయినా పెద్దవాళ్ళ నోట మొదట వచ్చే ఊరి పేరు స్టూవర్టుపురమే. ఆ అనుమానం తరతరాల నుంచి జనంలో ఉన్నదని మేమనుకునేవాళ్ళం. దాని పుట్టుక ఒక గెజిట్ కాగితంలో ఉందని నాకు తెలిసేసరికి ఉద్యోగంలో చేరాను.

దేవదాసీల కథ ఇంకా మెలికల్లో ఉంటుంది. వైద్యురాలు ముత్తులక్ష్మీ రెడ్డి ఏళ్ళ తరబడి పట్టుబట్టగా, గుళ్ళకు ఆడపిల్లలను అంకితం చేయడాన్ని మద్రాసు రాష్ట్రం 1947లో నిషేధించింది. ఆ చట్టం అవసరం లేదని నేను అనను. పసిపిల్ల బతుకును ఇంకెవరో రాసివ్వడం ఎప్పుడైనా తప్పే. కానీ ఆ దారిలో సంస్కర్తలు ఒక కులపు ఆడవాళ్ళ ఆటపాటలన్నిటికీ కలిపి మురికి అన్న పేరు పెట్టారు. వితంతువుల కోసం ప్రాణం పెట్టిన వీరేశలింగమే, తంజావూరు ఆస్థానంలో శృంగార కావ్యం రాసిన ముద్దుపళనిని ఆడదై ఉండి అలా రాసిందని తప్పుపట్టారు. బెంగుళూరు నాగరత్నమ్మ అదే కావ్యాన్ని 1910లో అచ్చువేయిస్తే అశ్లీలమని ప్రభుత్వం ప్రతులు పట్టుకుంది. ఆ నిషేధాన్ని టంగుటూరి ప్రకాశం తొలగించారు, 1947లో. ఒకే ఏడాది, ఒకే రాష్ట్రం: ముద్దుపళని పుస్తకానికి విడుదల, ఆమె లాంటి ఆడవాళ్ళ వృత్తికి ముగింపు. ఇవాళ లబ్బీపేటలో డాక్టర్ల పిల్లలు, ఇంజనీర్ల పిల్లలు కూచిపూడి నేర్చుకుని క్షేత్రయ్య పదానికి అభినయం పడితే ఇంటిల్లిపాదీ ఫొటోలు తీసుకుంటుంది. ఆ పదాలను తరాలపాటు గొంతులోనూ చేతివేళ్ళలోనూ కాపాడిన కళావంతుల, అంటే ఆ దేవదాసీల, ఇళ్ళ పిల్లలు మాత్రం నాయనమ్మ ఏం చేసేదో చెప్పకుండా పెరిగారు. కళకు అంటిన సిగ్గు కడుక్కుపోయింది. మనుషులకు అంటింది అంటినట్టే ఉంది.

మద్యం సంగతి వేరు. అందులో చట్టం ముందుకూ వెనక్కూ తిరిగింది. ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం ప్రభుత్వం 1954 నవంబరులో పడిపోయింది నిషేధం గొడవ మీదే, ఒక్క ఓటు తేడాతో. దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా ఉద్యమం 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం దాకా వెళ్ళింది. 1997లో ఎత్తేశారు. 1995లో మనం నీతిమంతులమై 1997లో చెడిపోయామా? ఖజానా లెక్కలు చెప్పే కథ అందులో సగం ఉంటుంది.

ఇలాంటి ఇబ్బందే స్వలింగ సంపర్కం తీర్పుల్లోనూ. 1860 నాటి ఐపీసీ 377ను ఢిల్లీ హైకోర్టు 2009లో పెద్దవాళ్ళ ఇష్టపూర్వక సంబంధాలకు వర్తించదంది. 2013లో సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. 2018 సెప్టెంబర్ 6న అదే సుప్రీంకోర్టు మళ్ళీ నేరం కాదంది. తొమ్మిదేళ్ళలో మూడుసార్లు. విజయవాడ గవర్నర్‌పేటలో, గుంటూరు బ్రాడీపేటలో ఆ తొమ్మిదేళ్ళూ ఇళ్ళలో మాటలు మూడుసార్లు మారలేదు. 2023లో ఇద్దరు మగవాళ్ళ, ఇద్దరు ఆడవాళ్ళ పెళ్ళికి గుర్తింపు ఇవ్వడం శాసనసభల పని అని కోర్టు వదిలేసింది. కాబట్టి చట్టాన్ని జనం నీతికి థర్మామీటర్‌లా వాడలేం.

ఈ తీర్పుల్లో అంబేడ్కర్ మాట ఒకటి పదేపదే వస్తుంది. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ఆయన అన్నారు, రాజ్యాంగ నైతికత మనిషికి సహజంగా వచ్చే గుణం కాదు, దాన్ని సాగుచేసుకోవాలి అని. మన నేల స్వభావం అప్రజాస్వామికమనీ, ప్రజాస్వామ్యం దాని మీద పైపూత లాంటిదనీ కూడా అన్నారు. ఎక్కువమంది ఏమనుకుంటున్నారో అదే నీతి అయితే కులం ఎప్పటికీ తప్పు కాదు. అందుకని కొన్ని చట్టాలు జనం ఒప్పుకోకముందే రావాలి. ఇక్కడ నేను పూర్తిగా ఆయన పక్షం. నా పేచీ ఆ తర్వాతి మెట్టు దగ్గర: చట్టం వచ్చింది కాబట్టి సాగు అయిపోయిందనుకోవడం.

మరి మార్పు వచ్చిందో లేదో దేన్ని బట్టి చెప్పాలి? నేను చూసేది ఒక్కటే. ఆ వ్యవహారంలో తల దించుకుంటున్నది ఎవరు? బడిలో కొట్టడం సంగతి చూడండి. మా నాన్న నన్ను బళ్ళో చేర్పిస్తూ, "కళ్ళు రెండూ వదిలేసి మిగతాది మీ ఇష్టం మాస్టారూ" అన్నాడు. నా వీపు మీద బెత్తం వాతలు చూసి అమ్మ కూడా "ఏం చేశావు?" అనే అడిగింది. సిగ్గు నాది. 2009 విద్యాహక్కు చట్టం పిల్లలను కొట్టడాన్ని నిషేధించింది. కొట్టడం ఆగిపోయిందని చెప్పను. కానీ ఇప్పుడు పిల్లాడి చేతి మీద వాత కనిపిస్తే అమ్మ ఫొటో తీస్తుంది, క్లాసు వాట్సాప్ గ్రూపులో పెడుతుంది, సార్ తల దించుకుంటాడు. ఇక్కడ చట్టం, సిగ్గు, న్యాయం మూడూ ఒకవైపుకు జరిగాయి. దీన్ని పురోగతి అనడానికి నాకు ఇబ్బంది లేదు.

అదే చూపుతో తెనాలి దగ్గరి చుండూరును చూస్తే నోట మాట రాదు. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది. 1955లో చట్టం, 1989లో ఇంకా గట్టి చట్టం. అది అమల్లోకి వచ్చి ఏడాదిన్నర తిరిగేసరికి, సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు పక్కవాడికి తగిలిందన్న దగ్గర మొదలైన గొడవ ఊరంతా వెలివేసే దాకా, 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను నరికి చంపేదాకా వెళ్ళింది. బాధితులు పట్టుబట్టి ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. చట్టం బలం గురించి ఎంతైనా రాయవచ్చు. నాకు మాత్రం ఊళ్ళోనే కోర్టు పెట్టించుకోవడమే పెద్ద విషయంగా కనిపిస్తుంది. కాలు తగిలినందుకు తలొంచుకోవాలన్న ఊళ్ళో, అక్కడే నిలబడి, ఫలానా మనిషి చంపాడని వేలెత్తి చూపించారు. వాళ్ళకు ఆ చోటు ఇచ్చింది చట్టమే. అక్కడ నిలబడే ధైర్యం మాత్రం వాళ్ళదే.

కట్నం దగ్గర ఇలా చూస్తే ఇంకా తల దించుకుంటున్నది ఇవ్వలేని తండ్రే. వితంతువు విషయంలో సగం మారింది. మళ్ళీ పెళ్ళి చేసుకున్న ఆమెను ఇవాళ గుంటూరులో ఎవరూ వెలివేయరు, పేరంటానికి పిలవడం దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగుతారు. ఆడపడుచు వాటా దగ్గర ఏమీ మారలేదు.

ఈ చివరిదాని గురించి నేను ఇంత ఖచ్చితంగా ఎందుకు చెప్పగలనంటే, ఆ రోజు రిజిస్ట్రార్ ఆఫీసుకు నేను వెళ్ళిన పని కూడా అదే. మా నాన్న ఇంటి స్థలం అమ్మకానికి పెట్టాను. కొనేవాళ్ళు లింకు డాక్యుమెంట్లు అడిగారు. అందులో ఒకటి 2008లో మా అక్క తన వాటా వదులుకుంటూ నా పేర రాసిచ్చిన రిలీజ్ డీడ్. నకలు తీసుకుని చెట్టు కింద కూర్చుని మొదటిసారి పూర్తిగా చదివాను. 'ప్రేమాభిమానాలతో, ఎవరి బలవంతమూ లేకుండా' అని ఉంది. కింద అక్క సంతకం, గుండ్రంగా, ఆరో తరగతిలో నాకు చేతిరాత నేర్పించిన అక్షరాలతో. ఆవిడ పెళ్ళి 1993లో, అంటే 1985 చట్టం ఆవిడకు వర్తిస్తుంది. ఆ రోజు ఆ సంగతి మాలో ఎవరూ ఎత్తలేదు. మధ్యాహ్నం అందరం హోటల్లో భోంచేసి, అక్కకు చీర కొనిపెట్టాం.

ఇంటికొచ్చాక అక్కకు ఫోన్ చేశాను. స్థలం రేటు చెప్పాను, అందులో సగం నీదని అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఇప్పుడెందుకురా అవన్నీ, మీ బావ వింటే ఏమనుకుంటారు" అంది. తర్వాత బియ్యం రేటు గురించి, వాళ్ళ వీధిలో కుక్కల గురించి చాలాసేపు మాట్లాడింది. ఫోన్ పెట్టేసే ముందు మాత్రం, "సగం అంటే ఎంతొస్తుంది?" అని అడిగింది.